ముందు నీళ్ల లెక్క, తర్వాతే మొక్కలు

నాది నీళ్ల ట్యాంకర్. ట్రాక్టర్‌కి తగిలించే ఐదు వేల లీటర్ల ట్యాంకర్. అనంతపురంలో పద్దెనిమిదేళ్లుగా ఇదే నా పని. ఎండాకాలం వస్తే తెల్లవారుజామున నాలుగింటికే బోరు దగ్గర లైన్లో ఉంటాను.

ఎనిమిదేళ్ల కిందట ఒక జూలైలో మా కాలనీ పిల్లలు ఫోన్ చేసి, "అన్నా, ఆరు వందల మొక్కలు నాటుతాండాం, ట్యాంకర్ తీస్కరా" అన్నారు. పోయినాను. అందరూ ఒళ్లు దాచుకోకుండా చెమటోడ్చారు. ఆగస్టులో రెండుసార్లు పిలిచారు, ఆ తర్వాత పిలవలేదు. మే నెలలో లోడుతో అటు వెళ్తూ బండి ఆపి దిగి చూశాను. బతికినవి తొంభై కూడా లేవు. ఎండిపోయిన పుల్ల ఒకటి పట్టుకుని లాగితే నల్ల కవరుతో సహా చేతిలోకి వచ్చేసింది. హడావుడిలో కవరు విప్పకుండానే గుంతలో పెట్టి మట్టి కప్పారు. వేర్లు ఆ కవరులోనే చుట్టలు చుట్టుకుని చచ్చిపోయాయి. ఆ పుల్లను చాలాకాలం నా టూల్ బాక్సులోనే ఉంచుకున్నాను.

మరుసటి ఏడాది నుంచి నేనూ వాళ్లతో కలిశాను. ఇప్పుడు బళ్లారి రోడ్డు వైపు మా పాత లేఅవుట్‌లో 30 సెంట్ల జాగా చిట్టడివిగా ఉంది. ఒకప్పుడు అక్కడ కంపచెట్లు, సీసాపెంకులు, ఇళ్లు కట్టినవాళ్లు పారబోసిన గచ్చు ముక్కలు తప్ప ఏమీ లేవు. వేరే కాలనీల వాళ్లు ఎలా చేశారని అడుగుతుంటారు. ఈ ఊళ్లో మొక్క నాటడం ఒక పూట పని, దాన్ని రెండు ఎండాకాలాలు దాటించడం అసలు పని. అందుకే నేను చెప్పేది నీళ్లతోనే మొదలవుతుంది.

నీళ్ల లెక్క

మన జిల్లాలో ఏడాది మొత్తానికి సగటున 550 మిల్లీమీటర్లకు కాస్త అటూఇటూగా వాన పడుతుంది. నైరుతి మేఘాలు పడమటి కనుమల మీదే కురిసేసి వట్టి గాలిగా మన దాకా వస్తాయి. ఈశాన్య వానలు కోస్తా దాటి వచ్చేసరికి వాటి బలం తగ్గిపోతుంది. అన్ని నెలల్లోకీ సెప్టెంబరే కాస్త మేలు. నవంబరు దాటితే మే చివరిదాకా ఆకాశం మీద ఆశ పెట్టుకోకూడదు.

ఒక మిల్లీమీటరు వాన అంటే చదరపు మీటరు నేల మీద ఒక లీటరు నీళ్లు. సెంటంటే దాదాపు 40 చదరపు మీటర్లు. మా 30 సెంట్లు సుమారు 1,200 చదరపు మీటర్లు అవుతుంది. 25 మిల్లీమీటర్ల వాన ఒక్కటి పడితే ఆ జాగా మీద 30,000 లీటర్లు దిగుతాయి. అవి నా ట్యాంకర్‌కి ఆరు ట్రిప్పులు, పైసా ఖర్చు లేకుండా. ఆ నీళ్లు రోడ్డు పక్క కాలువలోకి పోతే మళ్లీ నన్ను పిలిచి కొనుక్కోవాలి. కాబట్టి మొదటి పని వాన నీళ్లను జాగాలోనే ఆపడం. వాలుకు అడ్డంగా అడుగున్నర లోతు, రెండడుగుల వెడల్పు కందకాలు తీయండి. తవ్విన మట్టిని దిగువ వైపు కట్టలా వేయండి. వాలు ఎటుందో తెలియకపోతే వాన పడేటప్పుడు గొడుగు వేసుకుని పోయి నిలబడి చూడండి, నీళ్లే చూపిస్తాయి.

రెండోది ఎండాకాలం లెక్క. గరుసు నేలలో చిన్న మొక్కకు ఐదు రోజులకోసారి పది లీటర్లు కావాలి. ఫిబ్రవరి మొదటి నుంచి జూన్ నడుమ దాకా 135 రోజులు, అంటే 27 తడులు. మేం నాటింది 320 మొక్కలు. తడికి 3,200 లీటర్లు కావాలి, పైపులో కారిపోయేది, పాదు దాటి పారేది కలిపితే నాలుగు వేలు. ఐదు రోజులకు ఒక ట్యాంకర్ సరిపోతుంది. మీకూ ఐదు రోజులకు ఒక్క ట్యాంకరే దొరుకుతుందంటే నాలుగు వందల మొక్కలు దాటొద్దు. ఆ 27 ట్రిప్పుల డబ్బు నాటకముందే చేతిలో ఉండాలి. ఏప్రిల్‌లో చందాలు అడిగితే అప్పటికి ఎవరి ఇంట్లో నీళ్ల టెన్షన్ వాళ్లకు ఉంటుంది.

మియావాకీ పద్ధతి గురించి చాలామంది అడుగుతారు. జపాన్ వృక్షశాస్త్రవేత్త అకిరా మియావాకీ చూపిన దారి అది. నేలను లోతుగా తవ్వి, ఎరువు కలిపి, స్థానిక జాతులనే చదరపు మీటరుకు మూడు నాలుగు మొక్కల చొప్పున ఒత్తుగా నాటుతారు. మంచి పద్ధతే. కానీ మా 30 సెంట్లకు ఆ లెక్కన కనీసం 3,600 మొక్కలు కావాలి. రెండు మూడేళ్లు వాటికి నీళ్లు తప్పకూడదు. జాగాలో సొంత బోరుంటే రెండు మూడు సెంట్లలో అలా చేసి చూడండి. ట్యాంకర్ మీద ఆధారపడేవాళ్లు మాత్రం ఆరడుగులకొకటి పెట్టుకోండి. మిగతా సందులు గింజలతోనూ, తంగేడు లాంటి పొదలతోనూ వాటంతటవే నిండుతాయి.

ఒక హెచ్చరిక. వాటర్ ప్లాంటుల వాళ్లు ఆర్వో మిషన్ నుంచి వచ్చే వృథా నీళ్లు ఊరికే ఇస్తామంటారు. వద్దు. మంచినీళ్లలోంచి తీసేసిన ఉప్పంతా అందులోనే ఉంటుంది. బోరు నీళ్లయినా సరే, పాదు చుట్టూ తెల్లటి పొర కడుతుంటే ఆ బోరు మార్చండి.

జాగా ఎవరిదో కాగితం మీద తేల్చుకోండి

ఈ విషయంలో నాకు మనసు విరిగిన అనుభవం ఉంది. పాత పొరపాట్లన్నీ దిద్దుకుని, రోడ్డు వారగా 12 సెంట్లలో జాగ్రత్తగా పెంచాం. అడిగితే ఒక అధికారి "చేసుకోండి, మంచి పనే కదా" అన్నాడు. ఆ నోటి మాటనే నమ్మాం. తొమ్మిది నెలలకు ఇంకో శాఖ పని మీద కాంట్రాక్టర్ పైపులు దించడానికి వచ్చి, ఒక్క పూటలో జేసీబీతో చదును చేసేశాడు. మొక్కలు నడుము ఎత్తు వచ్చి ఉన్నాయి. ఆపమని అడగడానికి మా దగ్గర ఒక్క కాగితం లేదు.

లేఅవుట్ వేసినప్పుడు పదోవంతు జాగాను అందరి అవసరాలకు ఖాళీగా వదలాలి. అది కార్పొరేషన్‌కు చెందుతుంది. అలాంటి జాగా దొరికితే అన్నిటికంటే మేలు. వార్డు సచివాలయంలో అడిగి లేఅవుట్ ప్లాన్ చూడండి, సర్వేయర్‌తో హద్దులు వేయించండి. మొక్కలు పెంచుకోవడానికి అనుమతి ఇస్తున్నట్టు సంతకం, తేదీ ఉన్న ఉత్తరం తీసుకోండి. గుడి మాన్యం, వక్ఫ్ జాగా, రైల్వే జాగా అయితే వాళ్ల ఆఫీసు నుంచే తీసుకోవాలి. పైన కరెంటు తీగలున్నాయా, కింద మంచినీళ్ల పైపు పోతుందా అన్నది కూడా అప్పుడే అడిగేయండి.

వంక పోరంబోకు, అంటే వాగు పారే ప్రభుత్వ జాగా, జోలికి మాత్రం వెళ్లొద్దు. 2022 అక్టోబరులో నడిమివంక పొంగి కాలనీల్లోకి నీళ్లు వచ్చినప్పుడు నేను నా ట్రాక్టర్ మీద మనుషులను దాటించాను. వంక కడుపులో మనం మొక్కలు పెట్టి, కట్టలు వేస్తే ఆ నీళ్లు ఇంకొకరి ఇంట్లోకి పోతాయి.

కంప తీసే పద్ధతి

కంపను, అంటే సర్కారు తుమ్మను, నేల మట్టానికి నరికితే నెల తిరక్కుండా పది కొమ్మలతో లేస్తుంది. దాని చిగురు కళ్లు నేల లోపల అడుగు దాకా ఉంటాయి. జేసీబీతో మొద్దుతో సహా పెకలించాలి, లేదా గడ్డపారతో అడుగు కిందికి తవ్వి అక్కడ నరకాలి. కాయలు రాలక ముందే తీస్తే మంచిది. ఆ కాయలను మేకలు తింటాయి, అవి నడిచినంత మేరా కంప మొలుస్తుంది.

అయితే ఒక్కరోజులో మొత్తం తీసేయకండి. మేం హద్దు వెంబడి నాలుగడుగుల మందాన కంపను రెండేళ్లు అలాగే వదిలాం, లోపల కొట్టిన ముళ్లకొమ్మలు దానికే ఆనించి కంచె వేశాం. ఇనుప తీగ కొనే పని లేకుండా పోయింది. ఆ కంపలోనే పిచ్చుకలు, గువ్వలు ఉండేవి. లోపలి చెట్లు గూడు కట్టుకునేంత పెరిగాక ఆ వరసనూ తీసేశాం. కంప తప్ప ఇంకే చెట్టు అడ్డం వచ్చినా ముట్టుకోవద్దు. 2002 వాల్టా చట్టం ప్రకారం అనుమతి లేకుండా చెట్టు కొట్టడం తప్పు.

వయ్యారిభామ కలుపును పూతకు రాకముందే వేర్లతో పీకండి, చేతులకు గ్లౌజులు ఉండాలి, దాని దురద మామూలుగా ఉండదు. రాళ్లు ఎత్తేటప్పుడు ముందు గడ్డపారతో కదిలించి చూడండి. మా దగ్గర మొదటి వారంలోనే ఏడు తేళ్లు కనిపించాయి.

ఏ మొక్కలు

మన గుట్టల మీద ఎవరూ నీళ్లు పోయకుండా బతికేవి ఏవో చూసి అవే ఎంచుకున్నాం: వేప, కానుగ, చింత, రేల, దిరిసెన, నారేపి, మారేడు, వెలగ, సీతాఫలం, రేగు, ఉసిరి. పొదల్లో తంగేడు, వావిలి. పల్లంలో, కందకాల పక్కన నేరేడు, మేడి. ఏ ఒక్క జాతీ నాలుగో వంతు దాటొద్దని గట్టిగా అనుకున్నాం. 2021లో తెలుగు జిల్లాల్లో వేపచెట్లు కొమ్మల కొసల నుంచి మాడిపోయినట్టు ఎండిపోయాయి, గుర్తుందా? ఆ తెగులు వచ్చినప్పుడు అన్నీ వేపలే పెట్టుకున్న జాగాలు బోసిపోయాయి. చాలా చెట్లు మళ్లీ చిగురించాయి గానీ, ఆ భయం నాకింకా ఉంది.

రావి, మర్రి కావాలని పెద్దవాళ్లు పట్టుబడతారు. కదిరి దగ్గర తిమ్మమ్మ మర్రిమాను 1989లోనే గిన్నిస్ పుస్తకంలోకి ఎక్కింది, ఎకరాల్లో పరుచుకున్న ఒకే చెట్టు అది. 30 సెంట్లకు ఒక మర్రి చాలు, అదీ నట్టనడుమ, ఏ గోడకూ దగ్గరగా లేకుండా. రోడ్ల పక్కన అందం కోసం పెట్టే కోనోకార్పస్ అనే విదేశీ మొక్కను ఎవరు ఊరికే ఇచ్చినా తీసుకోవద్దు. గుజరాత్ ప్రభుత్వం 2023లో దాన్ని నాటడాన్ని నిషేధించింది.

నర్సరీలో ఆరడుగుల మొక్క చూసి ముచ్చటపడకండి. రెండు మూడడుగుల ఎత్తు, చిటికెన వేలంత కాండం ఉన్నది ఎంచుకోండి. కవరు అడుగు నుంచి లావు వేరు బయటికి పొడుచుకొచ్చి ఉంటే అది అక్కడ ముదిరిపోయిన మొక్క. అటవీ శాఖ సామాజిక వనాల నర్సరీల్లో స్థానిక జాతులు బాగా దొరుకుతాయి, కానీ మూడు నాలుగు నెలల ముందే చెప్పి పెట్టుకోవాలి. తెచ్చిన వెంటనే నాటకుండా పది రోజులు జాగాలోనే చెట్టు నీడన ఉంచండి. ఇక్కడి గాలికి అలవాటు పడతాయి. వేప గింజలు రాలిన రెండు వారాల్లోపే నేలలో పడాలి, దాచిపెడితే మొలవవు.

గుంత, నాటు

గుంతలు మేలోనే తీసి ఎండకు వదిలేయండి. రెండడుగుల పొడవు, వెడల్పు, లోతు. తవ్వాక రెండు బకెట్ల నీళ్లు పోసి ఇంటికి పోండి. తెల్లారి వచ్చేసరికి నీళ్లు ఇంకా నిలిచి ఉంటే కింద రాతి పొర ఉన్నట్టు. గడ్డపారతో దాన్ని పగలగొట్టాలి, లేదా నాలుగడుగులు జరిగి వేరే గుంత తీయాలి. మా 320లో నలభైకి పైగా ఇలా జరపాల్సి వచ్చింది, దాని వల్ల వరసలు వంకరయ్యాయి. అడవికి వరసలు అక్కర్లేదు.

పైమట్టి రెండు పాళ్లు, బాగా మాగిన దిబ్బ ఎరువు ఒక పాలు, రెండు గుప్పెళ్ల వేపపిండి. ఇంతకు మించి మందులేం వేయలేదు. పచ్చి పేడ వేస్తే చెదలు పిలిచినట్టే.

నాటే కాలం గురించి నా మాట వినండి. జూన్‌లో మనకు ముంగారు (తొలకరి) వాన కంటే గాలి ఎక్కువ. ఆ గాలి చిన్న మొక్కలోని తడిని పీల్చేస్తుంది. పుబ్బ, ఉత్తర కార్తెల్లో, అంటే ఆగస్టు చివర నుంచి సెప్టెంబరు చివరి దాకా, ఒక మంచి వాన పడి జానెడు లోతు తడిశాక నాటండి. ఆ తర్వాత హస్త, చిత్త వానలు ఉంటాయి, దాని వెనకే చలికాలం. ఎండలు ముదిరేలోపు వేర్లకు ఐదు నెలలు దొరుకుతుంది.

కవరును బ్లేడుతో రెండు పక్కలా పై నుంచి కింద దాకా కోయండి. అడుగున చుట్ట చుట్టుకున్న వేర్లుంటే కత్తెరతో కత్తిరించండి. మన్ను గడ్డ చెదరకుండా అరచేతిలో పట్టుకుని గుంతలో దించి, చుట్టూ మట్టి నింపి కాలితో కాకుండా చేత్తో అదమండి. మా దగ్గర ఒక రూలు ఉంది: తీసిన ప్రతి కవరూ ఒకే సంచిలో పడాలి. సాయంత్రం కవర్లు లెక్కపెడతాం. మొదటి రోజు 160 మొక్కలకు 157 కవర్లు వచ్చాయి. చీకటి పడ్డా ఎవరూ ఇంటికి పోలేదు, టార్చిలైట్లు పట్టుకుని మూడూ వెతికాం. రెండు కంచెలో తగులుకుని ఉన్నాయి, ఒకటి మాత్రం నిజంగానే మొక్క కిందే ఉంది.

నాటేటప్పుడే వేరు పక్కన అడుగున్నర పొడవు పీవీసీ పైపు ముక్కను ఏటవాలుగా దించండి. దాని కింది సగానికి కాల్చిన మేకుతో ఏడెనిమిది బొక్కలు పెట్టాలి. పాదులో పోసిన నీళ్లు ఎండకు కొంత ఆవిరవుతాయి, పైపులో పోసినవి నేరుగా వేరు దగ్గరికి పోతాయి, వేరు కూడా నీళ్లను వెతుక్కుంటూ లోతుకు దిగుతుంది. మూతికి ఒక రాయి అడ్డం పెట్టండి. మట్టి కుండలు పాతే పాత పద్ధతి కూడా బాగుంటుంది. మేం నలభై పాతాం, కానీ రెండో ఏడాదికి సగం పగిలిపోయాయి. పైపుకే నా ఓటు.

పాదు మీద బుడ్డల (వేరుశనగ) పొట్టు నాలుగంగుళాల మందాన పరవండి. మన జిల్లాలో మిల్లుల దగ్గర అది దొరకనిదేమీ కాదు. కాండానికి మాత్రం జానెడు దూరం ఉంచండి. నేను మొదటి ఏడాది కాండం దాకా కప్పేశాను, ఇరవై మొక్కలకు చెదలు పట్టాయి.

ఎండాకాలంలో

ట్యాంకర్ వాల్వు తిప్పి పైపుతో నేరుగా పాదులోకి కొడితే మట్టి కొట్టుకుపోయి వేరు బయటపడుతుంది. పైగా డ్రైవరు హారన్ కొడుతుంటాడు, అతనికి ఇంకో ట్రిప్పు ఉంటుంది. జాగాలో ఒక సింటెక్స్ ట్యాంకు, నాలుగు మూలలా డ్రమ్ములు పెట్టుకోండి. పావుగంటలో దించుకుని అతన్ని పంపేసి, పొద్దు వాలాక బిందెలతో నిదానంగా పోసుకోవచ్చు.

నీళ్లు అందుతున్నాయో లేదో ఆకు చూసి చెప్పలేం. మధ్యాహ్నం ఆకు ఎలాగూ వాలుతుంది. తెల్లారి ఆరింటికి చూడండి, అప్పుడూ వాలే ఉంటే దానికి దాహంగా ఉన్నట్టు. అనుమానమైతే పాదు అంచున జానెడు లోతు తవ్వి మట్టి తీసి పిడికిలి బిగించండి. ముద్ద కట్టిందంటే ఇంకో రెండు రోజులు ఆగొచ్చు. పొడిగా రాలిపోతే ఆ సాయంత్రమే పోయాలి.

జనవరిలోనే హద్దు వెంబడి ఆరడుగుల మేర గడ్డి చెక్కేయండి. రెండో ఏడాది మార్చిలో ఎవరో బీడీ విసిరేస్తే అగ్గి అంటుకుని ఒక మూల ముప్పై మొక్కలు కాలాయి. నేను ట్యాంకర్‌తో దగ్గర్లోనే ఉండబట్టి అంతటితో ఆగింది.

మనుషులు

పదహారు ఇళ్లు, ఇంటికి ఇరవై మొక్కలు. ఎవరివి ఏవో తెలిసేలా రాళ్ల మీద రంగుతో నంబర్లు వేశాం. అందరివీ అంటే ఎవరివీ కాకుండా పోతాయి. ఊరెళ్లేవాళ్లు తమ నంబర్లు పక్కింటివాళ్లకు అప్పజెప్పి గ్రూపులో పెట్టాలి.

ఆ జాగాను అప్పటికే వాడుకుంటున్నవాళ్లతో ముందే మాట్లాడండి. క్రికెట్ ఆడే పిల్లలకు ఐదు సెంట్లు వదిలేశాం. వాళ్లే తర్వాత కాపలా అయ్యారు. మేకలు తోలుకొచ్చే ఒక పెద్దమ్మ ఉండేది. మొదటి రోజు కంచె చూసి, "నా మేకలు యాడ మేయల్ల నాయనా, మీ చెట్లు నాకు కూడు పెడ్తాయా?" అంది. ఆమె అడిగింది న్యాయమే. లోపల పెరిగే గడ్డి అంతా నీదే, కోసుకుపో, మేకలను మాత్రం లోపలికి తోలొద్దు అని ఒప్పించాం. వానాకాలమంతా రోజుకొక మోపు కోసుకుపోయేది. ఆమె కొడవలి పట్టుకుని తిరిగినన్నాళ్లు మాకు కలుపు తీసే కూలీ అవసరం రాలేదు, ఇంకొకరి మేకలు లోపలికి రానూ లేదు.

మొదటి ఎండాకాలం దాటేసరికి 320లో 241 బతికాయి. పోయినవాటి చోట మళ్లీ సెప్టెంబరులో నాటాం. మూడో ఏడాది నుంచి నీళ్లు ఒక్కసారిగా ఆపకుండా ఐదు రోజుల తడిని పదికి, తర్వాత ఇరవైకి పెంచాం. రాలిన ఆకు ఊడ్చొద్దు, కాల్చొద్దు. నేలకు అదే దుప్పటి. శుభ్రంగా లేదని ఎవరన్నా అంటే ఆ ఆకులు పక్కకు జరిపి కింద మట్టి ముట్టుకోమని చెప్పండి, మేలో కూడా చల్లగా ఉంటుంది.

ఇప్పుడు ఆ సందులోకి నా ట్యాంకర్ వెళ్లేది ఎండాకాలంలో నెలకు ఒక్కసారే, పోయిన ఏడాది కొత్తగా పెట్టిన నలభై నేరేడు, మారేడు మొక్కల కోసం. బండి పెట్టుకోవడానికి రేలచెట్టు కింద నీడ ఉంది.